పద్నాలుగో ఫొటో

ఆదివారం వచ్చిందంటే రిజిస్ట్రారాఫీసు గుమాస్తా మెడలో కెమెరా పడాల్సిందే. సైకిల్ పందేలు, పడవ పోటీలు, కూలగొట్టబోయే పాత మిల్లు... ఊళ్లో ఏది జరిగినా, ఏది కూలినా అక్కడ ఆయన ఉండేవాడు. ఆయనతోపాటు సరదాకి ఫొటోలు తీసే మరో అయిదుగురు.

వాళ్లకో అలవాటు. తిరిగొచ్చేముందు అందరూ వరసగా నిలబడి, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలేవారు. గుమాస్తా కెమెరాని స్టాండుకి బిగించి, టైమరు నొక్కి, పది సెకన్లలో పరిగెత్తుకొచ్చి ఆ ఖాళీలో దూరేవాడు. రొప్పుతున్న ఆయన భుజం మీద చెయ్యేసి, ఆ అయిదుగురిలో ఒకడైన టైలరు ప్రతిసారీ ఒకటే మాట అడిగేవాడు.

"ఎన్నొచ్చాయి గురూ?"

నిరుడు క్వారీ గుంట దగ్గర ఆ టైలరు కాలు జారి నీళ్లలో పడ్డాడు. అప్పుడు ఒడ్డున ఉన్నది గుమాస్తా ఒక్కడే. మిగతావాళ్లు వచ్చేసరికి నీళ్లు సర్దుకున్నాయి.

"నాకు ఈత రాదు కదా," అన్నాడు గుమాస్తా. అది నిజమే. కెమెరా స్టాండు పొడవుగా చాపితే టైలరు చేతికి అందేదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. స్టాండు మీద కెమెరా ఉంది. ఆయన పద్నాలుగు ఫొటోలు తీశాడు. పద్నాలుగోదానిలో నీళ్ల పైన ఒక్క చెయ్యి. దానికి 'ఈతగాడు' అని పేరుపెట్టి పోటీకి పంపితే మొదటి బహుమతి వచ్చింది.

ఆ తర్వాత తీసిన మూడు గుంపు ఫొటోల్లోనూ ఆయన పక్కన ఇంకో ఖాళీ కనబడింది. అది ఎవరూ వదిలింది కాదు. మూడోదానిలో ఆయన చొక్కా భుజం తడిసి ఉంది. అయిదు వేళ్ల అచ్చులా.

"చెమటే," అన్నాడాయన.

ఈసారి పోటీకి ఆయన మనసు ఊళ్లో నేల కింద కట్టిన పాత మంచినీళ్ల ట్యాంకు మీద పడింది. మిట్టమధ్యాహ్నం పైకప్పు కన్నంలోంచి ఎండ నిట్టనిలువుగా నీళ్లలోకి దిగుతుందట. ఆ వెలుగులో పదేళ్ల కూతురు నిలబడితే!

"ఆ చీకటి కొట్లోకి పిల్లెందుకండీ?" అంది భార్య. "ఆ కెమెరా చేతిలో ఉంటే మీకు మనుషులు కంటికి ఆనరు."

"నేనుండగా దానికేం భయం?" అన్నాడు గుమాస్తా. కూతురు అప్పటికే చెప్పులేసుకుని, ఎర్రపట్టీ వాచీ పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

ట్యాంకులోకి ఇరవై మెట్లు. దిగేకొద్దీ వీధి చప్పుడు తగ్గింది. పాచి వాసన, తుప్పు వాసన, వాటి కింద ఇంకేదో... తడిసిన కొత్త గుడ్డ వాసన. స్తంభాలు ఒకదాని వెనక ఒకటి చీకట్లో కలిసిపోయాయి. ఎక్కడో నీటిబొట్టు పడుతోంది.

కూతురు మోకాలి లోతు నీళ్లలో నడిచి వెలుగు కింద నిలబడింది. గుమాస్తా చివరి మెట్టు మీద స్టాండు నిలిపాడు.

"పక్కన నాకు చోటుంచు పాపా. ఇద్దరం ఫొటోలో పడదాం."

"వదిలా నాన్నా. తొందరగా రా, కాళ్లు జివ్వుమంటున్నాయి!"

టైమరు నొక్కాడు. ఎర్రదీపం మిణుకుమంది. ఒంగి ప్యాంటు మడత పైకి లాక్కుంటున్నాడు.

"వచ్చేశావా?" అంది కూతురు, పక్కకి చూడకుండా, కెమెరాకేసి నవ్వుతూ. "అబ్బా... అంత గట్టిగా పట్టుకోకు."

ఆయన ఇంకా మెట్టు దిగలేదు.

"నాన్నా... నీ చెయ్యి చల్లగా ఉంది."

అప్పుడు పక్కకి చూసింది.

నీళ్లు దాని నడుము దాకా వచ్చాయి. పిల్ల కదల్లేదు. నీళ్లూ పెరగలేదు. కింద నేలే దిగుతోంది...

"నాన్నా!"

స్టాండు పక్కనే ఉంది. చాపితే అందుతుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. కానీ కెమెరా అద్దంలో ఆ మొహం... ఆ వెలుగు... అలాంటి భయాన్ని ఎవరూ నటించలేరు.

ఒక్కటి, అనుకున్నాడు. ఒక్కటి తీసి...

క్లిక్.

ఇంకొక్కటి.

వేలు ఆగేసరికి నీళ్లు సర్దుకున్నాయి. ఎండ స్తంభం మధ్యలో నలుసులు తిరుగుతున్నాయి.

"పాపా..." అన్నాడు, నీళ్లకేసి ఒంగి.

వెనకనుంచి భుజం మీద చెయ్యి పడింది.

"ఇంటికెళ్దామా?"

పై మెట్టు మీద కూతురు. గౌను పొడిగా ఉంది. జుట్టు పొడిగా ఉంది. ఆయన స్టాండు మడిచి భుజానేసుకున్నాడు. కొన్ని ప్రశ్నలు అడగనంతసేపే మనిషి ఇంటికి వెళ్లగలడు.

ఇంటికి రాగానే గదిలో కూర్చుని ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించాడు. పద్నాలుగు. ఒక్కొక్కటీ దాటించాడు. నడుము. మెడ. గడ్డం. పద్నాలుగోదానిలో నీళ్ల పైన ఒక్క చిన్న చెయ్యి. దానికి ఎర్రపట్టీ వాచీ.

వంటింట్లోంచి నవ్వులు వినిపించాయి. గుమ్మం దాకా వెళ్లాడు. కూతురు తల్లి చెయ్యి చాపించి, భుజం నుంచి మణికట్టు దాకా జానలేసి కొలుస్తోంది. పిల్ల మణికట్టు బోసిగా ఉంది.

"ఎక్కడ నేర్చావే ఈ కొలతలు?" అని భార్య మురిసిపోతోంది.

పిల్ల జాన ఎత్తకుండా తల మాత్రం ఇటు తిప్పింది.

"ఎన్నొచ్చాయి గురూ?"