చెమర్చని కుండ

"అక్కా, నా కుండ నిండుగానే ఉండాది. ఈ వారం కూడా నాకు నీళ్ళొద్దు."

సుష్మ గర్వంగా, మొక్క పక్కన పాతిన కుండకు మూత పెట్టింది. పక్కనే జయచంద్ర తన కుండలోకి బిందె వంపుతున్నాడు. వాడి కుండలో నీళ్ళు ఎప్పటిలాగే అడుగంటిపోయాయి.

"నీ మొక్క ఒట్టి తిండిపోతురా. నా మొక్కను చూసి నేర్చుకోమని చెప్పు," అంది సుష్మ.

జయచంద్ర తన కుండకు మూత పెట్టేసుకున్నాడు. ఐదో తరగతిలో సుష్మతో వాదించి గెలిచినవాళ్ళు ఎవరూ లేరు.

అది గుమ్మఘట్ట దారిలో వాళ్ళ ఊరి బస్సు స్టేజీ. అక్కడ నీడ అన్న మాటే లేదు. బస్సు కోసం నిలబడేవాళ్ళూ, ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్మే రామసుబ్బమ్మవ్వా, అందరూ ఎండలో మాడాల్సిందే. అందుకే నాగజ్యోతి అక్క పిల్లలతో అక్కడ కానుగ మొక్కలు నాటించింది.

అక్క వారమంతా రాయదుర్గంలో ఒక బట్టల కొట్టులో పని చేస్తుంది. పొద్దుగూకేదాకా నిలబడే ఉండాలి. ఆదివారం ఒక్కటే సెలవు. ఆ సెలవు కాస్తా మొక్కలకే పోతుంది. ఊళ్ళో బోరు దగ్గర క్యాన్లు నింపి, స్కూటీ మీద స్టేజీ దాకా తెస్తుంది.

"నీకు జీతమెవరిస్తారే?" అని రామసుబ్బమ్మవ్వ ఎగతాళి చేసేది.

"నువ్వు నీడలో కూచున్న రోజు గుప్పెడు చెనక్కాయలియ్యవ్వా, చాలు," అనేది అక్క.

పైన పోస్తే నీళ్ళన్నీ ఎండే తాగేస్తుంది. అందుకని అక్క మొక్క పక్కన మెడ దాకా కుండ పాతించింది. కుండ నింపి మూత పెడితే వారమంతా మొక్కకు తడి అందుతుందని చెప్పింది. పిల్లలకు తలా ఒక కొత్త కుండ ఇచ్చి, ఇంట్లో నానబెట్టి తెమ్మంది.

నానబెట్టి ఊరుకుంటే సుష్మ ఎందుకవుతుంది? నాయన తలుపులకు వేయగా మిగిలిన నీలం రంగు తెచ్చి, కుండంతా రెండుసార్లు పూసింది. మెడ చుట్టూ తెల్లగా తన పేరు రాసుకుంది. అక్క నీళ్ళు తెచ్చేలోపే పిల్లలు గుంతలు తీసి కుండలు పాతేశారు. అక్కకు కనబడింది పేరున్న మెడ ఒక్కటే. "భలే ఉండాదే," అంది. ఆ మాటను సుష్మ బడంతా చెప్పుకు తిరిగింది.

ఇప్పుడు చూస్తే సుష్మ మొక్క ఆకులు వేలాడిపోతున్నాయి. అక్క దాని పక్కన కూర్చుని ఒక ఆకు పట్టుకుని చూసింది.

"కుండలో నీళ్ళుండి కూడా వాడిపోతాండాదంటే, వేరు కుండ దాకా పోలేదేమో. గుంత దూరంగా చూపించినా. తప్పు నాదే," అంది. "దీనికి రోజూ పైన పోస్తాలే."

ఆ రోజు నుంచి అక్క సాయంత్రం కొట్టు నుంచి రాగానే, ముఖమైనా కడుక్కోకుండా, ఒక క్యాను నీళ్ళు తెచ్చి పోస్తూ వచ్చింది. తన మొక్కకు మాత్రమే ఇంత మర్యాద జరుగుతోందని సుష్మ లోలోపల మురిసిపోయింది కూడా.

వారం మధ్యలో సుష్మ వాళ్ళమ్మ లలితమ్మ, ఎండాకాలం నీళ్ళు తాగడానికి ఒక కుండ కొన్నది. పొద్దున లేచి చూస్తే కుండ కింద నేల తడిసి ఉంది.

"అమ్మా, కుండ కారుతాండాది. వాపసు ఇచ్చేసి రా."

"అది కారేది కాదు పాపా, చెమర్చేది. చెమరిస్తేనే నీళ్ళు సల్లగుండేది."

సుష్మ కుండను తాకింది. అరచేతికి చల్లగా తడి అంటింది.

"దీనికి రంగేస్తే?"

"రంగేస్తే ఇంకెట్ల చెమరుస్తాది? దారి మూసేసినట్లే కదా."

సుష్మకు స్టేజీ దగ్గర పాతిన తన నీలం కుండ గుర్తొచ్చింది. తన మొక్క పొదుపుగా తాగడం లేదు. కుండలోంచి దానికసలు చుక్క నీళ్ళు అందడం లేదు. నిండు కుండ పక్కనే అది దప్పికతో ఎండిపోతోంది.

అడుగుదాకా రంగు వేసిన సంగతి ఎవరికీ తెలియదు. ఊరుకుంటే, మొక్క ఎండలకు చచ్చిపోయిందనుకుంటారు. అక్క మాత్రం తప్పు తనదే అనుకుంటుంది. సుష్మ అమ్మ కొంగు పట్టుకుంది.

"అమ్మా, ఈ కుండ నాకిస్తావా?"

"ఇచ్చేస్తే మనమేం తాగేది?"

సుష్మ జరిగిందంతా చెప్పింది. లలితమ్మ కుండలోని నీళ్ళు స్టీలు బిందెలోకి వంపేసింది.

"సాయంత్రం ఎత్తుకోని పో. జాగ్రత్త," అంది.

సాయంత్రం అక్క స్టేజీ దగ్గర క్యాను దించుతోంది. ఒక చెయ్యి నడుం మీద ఉంది. సుష్మ కుండను కింద పెట్టింది.

"అక్కా, పైన పొయ్యొద్దు. నా కుండ తవ్వేద్దాం. నేను మెడకే కాదు, అడుగు దాకా రంగేసినా. రెండుసార్లు వేసినా."

అక్క క్యాను వైపు చూసింది, మొక్క వైపు చూసింది. తరువాత దుమ్ములోనే కూలబడింది. తిడుతుందని సుష్మ తల వంచుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీ పేరు చూసి నేనూ మురిసిపోయినా కదా. కిందేముందని అడగనే లేదు," అంది అక్క. "పట్టు, నిదానంగా తవ్వుదాం. వేర్లు తెగకూడదు."

నీలం కుండ బయటికి వచ్చింది. పైమట్టి తడిసినా, దాని చుట్టూ లోతున మట్టి పొడిపొడిగా ఉంది. అక్క గోటితో మొక్క కాండాన్ని కొంచెం గీరింది. లోపల సన్నగా పచ్చదనం కనబడింది.

"ప్రాణముండాది," అంది.

అమ్మ ఇచ్చిన కుండను ఆ గుంతలో పెట్టి మట్టి కప్పారు. నీళ్ళు సుష్మే పోసింది.

"ఆ నీలం కుండ నాకియ్యి పాపా, చెనక్కాయలు పోసుకుంటా," అంది రామసుబ్బమ్మవ్వ. సుష్మ ఇచ్చేసింది.

ఆదివారం అందరికంటే ముందు సుష్మ వచ్చింది. మూత తీసి చెయ్యి లోపలికి పెట్టింది. కుండ అడుగు తగిలింది. మొక్క కొనన ఒక చిగురు తలెత్తింది.

"అక్కా, నా కుండ ఖాళీ అయిపోయినాది."

"నీ మొక్క కూడా తిండిపోతేనా?" అన్నాడు జయచంద్ర.

"ఊఁ, నీ మొక్కను చూసి నేర్చుకునింది."

అక్క క్యాను ఎత్తబోయింది. "నువ్వు కూచో అక్కా, మేము పోస్తాం," అంటూ సుష్మ అడ్డం వచ్చింది. రామసుబ్బమ్మవ్వ నీలం కుండలోంచి గుప్పెడు చెనక్కాయలు తీసి అక్క ఒళ్ళో పోసింది.

"నీడ ఇంకా రాలేదు కదవ్వా?"

"వస్తాదిలే. ఇది అడ్వాన్సు."

సుష్మ బిందె నింపుకుంది. ముందు జయచంద్ర కుండలో పోసింది. మళ్ళీ నింపుకొచ్చి, పేరు లేని తన కుండలో పోసింది.