పదకొండు మెరుపులు

పొద్దున్న ఎనిమిదిన్నరకి కోడలు కాఫీ కప్పు పక్కన పెట్టుకుని ల్యాప్‌టాప్ తెరిచింది. ఆమె పనిచేసే మైలు లోతు గనిలో ఒక పెద్ద తొట్టె ఉంది. అందులోని ద్రవానికి కృష్ణపదార్థపు రేణువు ఎప్పుడైనా తగిలితే చిన్న మెరుపు వస్తుందని శాస్త్రవేత్తల ఆశ. విశ్వంలోని పదార్థంలో ఎక్కువ పాలు అదేనంటారు గానీ, ఇంతవరకు దాని మొహం చూసినవాడు లేడు. ఏడాదిన్నర లెక్కలు కట్టి, అలాంటి మెరుపులు పదకొండు పట్టింది ఆమె.

మొగుడి ఉద్యోగమూ ఆ గనిలోనే. నోట్లో నువ్వుగింజ ఏళ్ల తరబడి నానే రకం, అందుకే అక్కడ అతన్ని గొళ్లెం అంటారు. అతనికో పని అప్పగించారు. లెక్కలు కట్టేవాళ్లు తమని తాము మోసం చేసుకోకుండా, అసలు లెక్కల్లో దొంగ మెరుపులు కొన్ని రహస్యంగా కలపాలి; చివర్లో అవి తీసేస్తే మిగిలిందే నిజం. దాన్ని ఉప్పు వేయడం అంటారు. వేసిందెవరో, ఎన్ని వేశారో చివరిరోజు దాకా పెళ్లానికి కూడా చెప్పకూడదు.

ఆ చివరిరోజు ఇదే. తెర మీద పట్టిక వచ్చింది. పదకొండుకు పదకొండూ ఉప్పే. కింద మొగుడి పేరుంది.

ఆమె కప్పు తీసి గోడకేసి కొట్టింది. తరవాత ల్యాప్‌టాప్‌ని కొట్టింది. మొగుడు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఇనప స్టూలు ఆమె చేతిలో ఉంది. అతను చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. స్టూలు కాలు తగిలి కనుబొమ చీలింది. చొక్కా ఎర్రగా తడిసిపోయింది.

“పోయిన నెల కాలేజీ ఉద్యోగం వద్దని రాశాను. పర్మనెంటుది. ఇక్కడ ఇంత దొరికాక ఎక్కడికి పోతానని రాశాను. పక్కనే కూచుని చూశావు.”

“చెప్పకూడదు. మాటిచ్చాను.”

“మెరుపుల సంగతి చెప్పొద్దులే. ఆ ఉద్యోగం వదులుకోకు అనడానికి ఏ రూలు అడ్డొచ్చింది?”

ఆమె అతన్ని రెండు చేతులతో తోసింది. అతను పుస్తకాల బీరువా మీద పడ్డాడు, అద్దం భళ్లున పగిలింది. ఆమె మళ్లీ స్టూలెత్తింది.

ఆ స్టూలు లాక్కున్నది అత్తగారు. ముప్పయ్యేళ్లు ఆస్పత్రి క్యాజువాలిటీలో నర్సుగా చేసిన మనిషి, రక్తం చూసి కంగారుపడే రకం కాదు. మాటలన్నీ బాత్రూంలోంచే వింది. దెబ్బ తగలని వైపు చూసుకుని కొడుకుని చెంప మీద ఛెళ్లున కొట్టింది.

“కుట్లు తరవాత. ముందు దానికి జవాబు చెప్పు.”

“చెబితే వెళ్లిపోతుంది కదమ్మా,” అన్నాడు. “ఆ కాలేజీ ఎక్కడో ఉంది. రూలు నాకు మంచి సాకైంది. ఏడో మెరుపు దొరికిన రోజు నన్ను పట్టుకుని ఏడ్చింది. అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. అది నేను కలిపిందేనని తెలిసీ ఊరుకున్నాను.”

కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. కృష్ణపదార్థం దొరకలేదన్న బాధ కాదది. ఇంట్లో మనిషి చేతుల్లో మోసపోయిన ఏడుపు.

అత్తగారు ఆస్పత్రి నాటి పాత పెట్టె తెచ్చి కుట్లు వేసే సూది తీసింది. “మత్తు లేదు. ఉన్నా వీడికివ్వను. తల గట్టిగా పట్టుకోమ్మా.”

కోడలు పట్టుకుంది. రెండో చేత్తో కాలేజీకి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, అతని మూతి ముందుంచింది. “నువ్వే మాట్లాడు.”

సూది దిగుతుంటే అతను మాట్లాడాడు. తన భార్య ఆ ఉత్తరం రాసింది తన మూలంగానని, నిజం దాచి తప్పు చేశానని, అవతలి గుమాస్తాకి అక్కర్లేని సంగతులు కూడా చెప్పుకున్నాడు.

“ఆ పోస్టు మొన్ననే భర్తీ అయిందండీ.”

“వచ్చే ఏడు ఖాళీ ఉంటే చెప్పండి. తను చేరితే నేనూ అక్కడికే వచ్చేస్తాను. నా పని సంగతి తరవాత.”

“ముందు ఆవిణ్ని అప్లై చెయ్యమనండి,” అని గుమాస్తా ఫోన్ పెట్టేశాడు. అతను ఒళ్లంతా కదిలిపోతూ వెక్కివెక్కి ఏడ్చాడు.

“నా కోపం పోలేదు,” అంది ఆమె. కళ్లలోంచి నీళ్లు అతని జుట్టులోకి కారుతున్నాయి. రెండు చేతులూ పెట్టి అతని తల ఒళ్లోకి అదుముకుంది. “కదలకు. కుట్టు వంకర పోతుంది.”