గొళ్ళెం పడ్డ గాదె

శ్రీకూర్మం దారిలో, మా పొలాల మధ్య ఒక పాడుబడ్డ ఇల్లుంది. నారాయణమూర్తి గారి ఇల్లని పేరేగానీ, అందులో దీపం వెలిగి ముప్పై ఏళ్ళయింది. పొద్దు వాలితే అటు కుక్క కూడా పోదు. నడింట్లో నిలువెత్తు చెక్క గాదె ఉంది... అందులో దెయ్యం ఉందట. చెక్క మీద కొట్టి, పేరు పెట్టి పిలుస్తుందట.

ఆ పిలుపు మొదట విన్నది అసిరమ్మ. ఇరవయ్యేళ్ళ కిందట, కొత్త కోడలిగా ఉన్నప్పుడు. తలమీది మోపు పారేసి ఒకటే పరుగు. తర్వాత మూడు రోజులు ఊరంతా విన్నారు. నాలుగో రోజు నుంచి వినబడలేదు. వినబడకపోతేనేం, అసిరమ్మ నోరు ఊరుకుంటుందా? మా ఊళ్ళో పిల్లలు పక్క తడిపిన పాపంలో సగం ఆవిడదే.

అలాంటి మనిషి, మొన్న మార్గశిరంలో ఆ గాదెలోకే దిగింది.

ఏం చేస్తుంది మరి? ఫోన్లలో తుఫాను కబురు. నూర్చిన వడ్లు రెండు బస్తాలు కళ్ళంలో ఉన్నాయి. తెల్లారితే లక్ష్మివారం... అమ్మవారి ముందు కుంచం నిండా కొత్త వడ్లు పెట్టాలి, తడిసినవి పనికిరావు. వాటి మీద కప్పడానికి బరకం తెస్తానని ఊళ్ళోకెళ్ళిన మొగుడు గంగులు ఎంతకీ రాలేదు. చినుకు మొదలైంది. దగ్గర్లో కప్పున్న చోటు ఆ పాడిల్లొక్కటే.

పగలే కదా అనుకుంది. బస్తాలు ఒక్కోటీ ఈడ్చుకొచ్చి నడింట్లో పడేసింది. గాదె గొళ్ళెం తీసి, మూత ఎత్తి, కర్ర ఆనించి, అడుగు చెమ్మగా ఉందేమో చూద్దామని లోపలికి దిగింది.

గాలి ఒక్క విసురు విసిరింది. కర్ర జారింది. మూత పడింది — దాని వెనకే గొళ్ళెం.

చీకటి. ముక్కుల్లో ఊక దుమ్ము. మూత ఎంత నెట్టినా కదల్లేదు. ఫోను బస్తాల దగ్గరే ఉండిపోయింది. అరిచింది. చెక్క మీద పిడికిళ్ళతో బాదింది. ఇక ఇందులోనే పోతానేమో అనిపించింది.

చాలాసేపటికి బయట అడుగుల చప్పుడు. మేనకోడలు రేఖ.

"అత్తా... బస్తాలిక్కడొగ్గేసి ఎటెల్లిపోనావు?"

"రేఖా! ఒసే రేఖా! గాదెలో ఉన్నానే!"

బయట తనలో తనే గుసగుసగా —

"పేరెట్టి పిలుస్తన్నాది... పలకకూడదు. అత్త సెప్పింది."

పరుగు. అడుగులు దూరమైపోయాయి.

తను నేర్పిన పాఠమే. అసిరమ్మ చతికిలబడి ఏడ్చింది. ఏడుస్తూ ఊకలో చెయ్యి ఆనిస్తే చల్లగా ఏదో తగిలింది... కొడవలి. పిడికి రాగి తీగ చుట్టి ఉంది.

అలాంటి పిడి ఊళ్ళో లక్ష్మణమ్మ కొడవలికే ఉండేది. కోతలయ్యాక చేలల్లో రాలిన వెన్నులు ఏరుకు బతికే ఒంటి మనిషి. ఇరవయ్యేళ్ళ కిందట, తుఫానప్పుడే, కనబడకుండా పోయింది. సాలూరు లారీ ఎక్కి ఎటో పోయిందన్నారు. ఎవరూ వెతకలేదు.

కొడవలి పక్కన ఇంకా ఏవో ఉన్నాయి. సన్నగా, గట్టిగా... వాటి చుట్టూ గాజులు. అసిరమ్మ చెయ్యి లాక్కుంది.

చెక్కల సందుల్లో వెలుతురు కూడా పోయింది. అప్పుడు వినబడింది గంగులు దగ్గు.

పిలిస్తే ఈయనా పారిపోతాడు. అందుకని పిలవలేదు. తిట్టింది.

"బరకం తెమ్మంటే ఎక్కడ సచ్చినావయ్యా ఇంతసేపు? బీడీలు కాల్సుకుంటా కూకున్నావా? అటక మీద డబ్బాలో కట్ట దాసినావు, నాకు తెల్దనుకున్నావా?"

గంగులే నాకు చెప్పాడు. "పారిపోడానికే ఎనక్కి తిరిగినాను బాబూ. బీడీ కట్ట మాట ఇనీసరికి ఆగిపోనాను. దెయ్యానికి నా అటక సంగతి తెలుస్తాదేటి?"

గొళ్ళెం తీసి, రెక్క పట్టి పైకి లాగాడు. లాగి పగలబడి నవ్వాడు. అసిరమ్మ నవ్వలేదు. కొడవలి ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూలబడింది. వాన మీద పడుతున్నా కదల్లేదు.

"ఆ యేడు నన్ను పేరెట్టి పిలిసింది, గురుతుందా?"

"దెయ్యమే గదేటి?"

"మూడు దినాలు పిలిసింది. ఊరంతా ఇన్నాం, ఊరంతా తలుపులేసుకున్నాం..." కొడవలి పిడికున్న రాగి తీగ తడిమింది. "దెయ్యమే అయితే, నాలుగోనాడు ఎందుకాగిపోనాదయ్యా?"