మణెమ్మ రాని సాయంత్రం

తాడేపల్లిగూడెంలో రైసు మిల్లుల వెనక వీధిలో పెర్సిస్ టీచర్ ఒక్కరే ఉంటారు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక ఇంటికి వచ్చేవాళ్లూ తగ్గిపోయారు.

కుడి భుజానికి కృత్రిమ కీలు వేయించుకుని పదేళ్లు దాటింది. ఈమధ్య చెయ్యి ఎత్తబోతే లోపల కిర్రుమంటోంది. ఏలూరు డాక్టరు ఎక్స్‌రే చూశారు.

"ప్లాస్టిక్ గిన్నె అరిగిపోయిందండీ. ఎముకలో దించిన లోహపు కాడ కూడా వదులైంది. మళ్లీ ఆపరేషన్ చేసి మార్చాలి. మీ పక్కన ఎవరుంటారు?"

టీచర్ ఎక్స్‌రే కవరు తీసుకుని వచ్చి రైలెక్కేశారు.

అప్పట్నుంచి చెయ్యి మెడ దాకా కూడా లేవడం లేదు. పక్కింటి మణెమ్మే సాయంత్రాలు వచ్చి తల దువ్వి జడ వేసేది. రోజు మొత్తంలో టీచర్‌ని ఇంకో మనిషి ముట్టుకునేది ఆ కాసేపే.

ఆ రోజు మణెమ్మ నల్లజర్లలో కూతురింటికి వెళ్లింది. పొద్దుగూకుతుండగా వాన పట్టుకుంది. కరెంటు పోయింది. టీచర్ దువ్వెన ఒళ్లో పెట్టుకుని, కుర్చీలో చీకట్లోకి చూస్తూ కూర్చున్నారు. తడిసిన ఊక వాసన. చూరు నీళ్ల చప్పుడు.

ఒళ్లోని దువ్వెన ఎవరో తీసుకున్నారు.

"వచ్చేశావా మణెమ్మా?"

చల్లటి వేళ్లు చిక్కులు తీశాయి... మెల్లగా, నొప్పి తెలియకుండా. టీచర్ కళ్లు మూసుకున్నారు. ఆపరేషన్ సంగతి, ఆస్పత్రిలో ఒక్కర్తే పడుకోవాలంటే ఉన్న భయం, ఎవరికీ చెప్పనివన్నీ చెప్పుకున్నారు. వెనకున్న మనిషి వింటూ జడ అల్లుతోంది.

కిర్రు...

టీచర్ మాట ఆగింది. తన చెయ్యి ఒళ్లోనే ఉంది. కదల్లేదు.

కిర్రు... కిర్రు...

పక్కన బల్ల మీద ఫోన్ మోగింది. ఎడమ చేత్తో అందుకున్నారు.

"టీచర్ గారండీ, మణెమ్మనండీ! ఎర్రకాలువ పొంగి బస్సులు ఆపేశారు. ఇక్కడే ఉండిపోయానండీ. రేపొచ్చి జడ వేస్తాను, ఏమనుకోకండి."

ఫోన్ చేతిలోంచి జారిపోయింది.

"ఎవరండీ?"

అల్లుతున్న వేళ్లు ఆగాయి. ఊపిరి... చెవి పక్కనే.

లేవబోయారు. తల వెనక్కి గుంజింది. ఎడమ చేత్తో జడ తడిమారు. టీచర్ జుట్టు భుజాలు దిగదు. జడ మాత్రం చేతికి అందుతూనే ఉంది... వీపు దాకా దిగి, అక్కణ్ణించి వెనక్కి... పైకి... తడిగా, బరువుగా.

రెండు తలల జుట్టు కలిపి అల్లిన జడ.

టీచర్ కదలడం మానేశారు.

అవతలి తల మాత్రం, మెల్లగా... ముందుకు వంగుతోంది.