గోడ లోపలి పట్టు

రిసాలిలో సత్యారావు ఇంటి బాత్రూం గోడ అసలు గోడే కాదు. వెనకటి మనిషెవరో పాత తలుపున్న చోట చెక్క చట్రం కట్టి, అటొకటి ఇటొకటి సిమెంటు షీటు కొట్టి, మధ్యలో బోలుగా వదిలేసి, పైన తెల్లరంగు పూసి చక్కా పోయాడు. మహానుభావుడు! లోపల ఖాళీ బెత్తెడు కూడా ఉండదు. ఎలక దూరినా పక్కకి తిరిగే నడవాలి.

ఆ గోడకున్న వాష్‌బేసిన్ పోయిన నెల ఊడిపడింది. దాన్ని ఆసరా చేసుకుని నిలబడ్డ సత్యారావు భార్య చిన్నమ్మలు కూడా పడింది. తుంటికి రాడ్డు వేశారు. "ఇంకోసారి పడితే మా చేతుల్లో ఏమీ ఉండదు" అని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. అప్పట్నుంచీ సత్యారావుకి అన్నం సయించడం లేదు. పిల్లా జెల్లా లేని ఇల్లు. ఆవిడ లేకపోతే ఎలా బతకాలో ఆయనకి తెలీదు.

షీటు విప్పి, చట్రానికి అడ్డంగా చెక్క వేసి, ఆ చెక్కకి బేసిన్ బిగించాలి. అదీ పద్ధతి. ఈ ఊరి స్టీలు ప్లాంటులో ఫిట్టరుగా తల పండిన మనిషికి ఆ మాత్రం తెలీదా? కానీ చెక్క తేవాల్సిన కార్పెంటరు సంజయ్ "బారిష్ దేఖో అంకుల్, కల్ పక్కా" అన్నాడు. వానట, రేపు తప్పకుండా తెస్తాడట. నిన్న కూడా ఇదే పాట. ఇక్కడ చూస్తే చిన్నమ్మలుకి మంచం మీద బెడ్‌పాన్ పెట్టించుకోవడమంటే చచ్చేంత సిగ్గు. ఇవాళ బాత్రూంకి నడిచే వెళ్తానని పొద్దున్నే పంతం పట్టింది.

విధిలేక బజార్నుంచి వేరే బోల్టులు తెచ్చాడు. షీటు కన్నంలోంచి తోస్తే లోపల రెక్కలు విప్పుకునేవి. సాయంత్రం కరెంటు పోయింది. బయట వాన. ఫోన్ లైటు కింద పెట్టి, బేసిన్‌ని భుజంతో ఎత్తిపట్టి, పానా తిప్పాడు. బోల్టుతో పాటు లోపల రెక్కలూ గిరగిరా తిరుగుతున్నాయి. ఎంత తిప్పినా బిగుసుకోదు. కన్నంలోంచి ముక్కిపోయిన వాసన, తడి బట్ట మూటకట్టి మరిచిపోయినట్టు.

లోపల పట్టేవాడు లేడు. అదే తంటా.

ప్లాంటులో అవతలి వైపు పట్టడానికి పోలయ్య ఉండేవాడు. సత్యారావు "పట్టు" అంటే పానా వేసి ఇనుము మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. పట్టుకున్నానని అర్థం. ఇక "ఒగ్గీ" అని సత్యారావు అరిచేదాకా వదిలే మనిషి కాదు. "నువ్వు ఒగ్గీమంటేనే ఒగ్గుతాను బావా" అనేవాడు. పచ్చకామెర్లతో పోయాడు పాపం. పాడె మోసినవాళ్లలో సత్యారావూ ఒకడు.

వసారాలో అడుగుల చప్పుడు. ఈడ్చుకుంటూ... ఆగుతూ...

"ఏటయ్యా, అయిపోనాదా? నాను వచ్చీస్తన్నాను."

"ఆగే! రాకే బాబూ!"

"ఆగలేనయ్యా..."

బేసిన్ వదిలితే పడుతుంది. వదలకపోతే ఎదురెళ్లి ఆవిణ్ణి పట్టుకోలేడు. పానా తిప్పాడు. తిరుగుతోంది... తిరుగుతూనే ఉంది. సత్యారావుకి ఏడుపొచ్చేసింది. ఏళ్ల తరబడి నోటికి అలవాటైన మాట దానంతటదే ఊడిపడింది.

"ఒరే... పట్టు!"

టక్. టక్.

బోల్టు ఆగింది.

గబగబా బిగించాడు. రెండోదీ బిగిసింది. బేసిన్‌ని ఊపి చూశాడు. కొండలా ఉంది. బెత్తెడు సందులో... ఎవరు?

"ఒగ్గీ" అనేసి పరిగెత్తాలనిపించింది. అప్పటికే చిన్నమ్మలు గుమ్మం దాటి బేసిన్ అంచు పట్టుకుంది. ఇప్పుడు అంటే ఆవిడ పడుతుంది. నోరు మూసుకున్నాడు.

"గట్టిగానే ఉన్నాదయ్యా" అని నవ్వింది. మరుక్షణం నవ్వు పోయింది. గొంతు తగ్గించింది. "చేయి రాట్లేదు."

"ఏటి?"

"అడుగు నుంచి... ఎవులో పట్టీసుకున్నారు."

సత్యారావు లైటెత్తి చూశాడు. అంచు మీద ఆవిడ చెయ్యొక్కటే ఉంది. మణికట్టు చుట్టూ మాత్రం చర్మం వేళ్ల అచ్చులుగా లోపలికి నొక్కుకుపోయి ఉంది.

ఆవిడ నడుం చుట్టూ రెండు చేతులూ వేసి, గట్టిగా హత్తుకుని, గోడకి నోరు ఆనించాడు.

"పోలయ్యా... ఒగ్గీ."

చప్పుడు లేదు.

"ఒగ్గీరా నాయనా. దండమెడతాను... ఒగ్గీ!"

పోలయ్య ఎన్నడూ ఆ మాట రెండోసారి చెప్పించుకోలేదు.

టక్. టక్.

కింద పడున్న పానా కదల్లేదు. బోల్టు తల మాత్రం మెల్లగా ఇంకో చుట్టు తిరిగింది. షీటు లోపలికి వంగింది. బేసిన్ గోడలోకి అంగుళం జరిగింది. దాంతోపాటు చిన్నమ్మలూ జరిగింది.