అడగని నీలం

పొద్దున్నే గుమ్మం దగ్గర తన చెప్పుల పక్కన మొగుడి చెప్పులు కనిపించగానే కొత్త కోడలికి నవ్వొచ్చింది. పెళ్లయి నెలైనా కాలేదు. ఆ ఇంట్లో ఆమెకు ఇంకా అన్నీ ముద్దొస్తున్నాయి. కిటికీ రెక్క కిర్రుమనడం, టీ మీద మీగడ కట్టడం, సగం గడ్డం గీసుకున్న మొగుడు సబ్బు నురగతోనే వచ్చి "నా పెన్ను చూశావా?" అని అడగడం. అర్థం కానిదల్లా ఒక్కటే. వదినను ఏమడిగినా అత్తగారు జవాబు చెబుతుంది.

"వదినా, టీలో పంచదార చాలా?"

"చాలమ్మా, అది పంచదార ఎక్కువ వేసుకోదు," అంటుంది అత్తగారు.

వదిన అంటే మొగుడి అక్క. చిన్నప్పటి నుంచీ చక్రాల కుర్చీలోనే. చేతుల్లో పట్టు లేదు. పిడికి గుడ్డ చుట్టిన కుంచెను పళ్లతో కరిచిపట్టి బొమ్మలు వేస్తుంది. పక్కన పీట మీద కూర్చుని రంగులు ప్లేటులో పిండడం అత్తగారి పని. "అది అడగక్కర్లేదు. కళ్లు చూస్తే నాకు తెలిసిపోతుంది," అని వచ్చినవాళ్లందరికీ మురిపెంగా చెప్పుకుంటుంది.

టీలు ముగిసేలోగా ఫోను మోగింది. ప్రాంతీయ కళాకేంద్రం నుంచి. కాసేపట్లో బండి వస్తుందట. వదిన ఎక్కకపోతే ఆమె చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారట.

చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న వికలాంగ కళాకారుల కోసం ఆ కేంద్రం పని గదులు తెరిచింది. ఇంటికే బండి పంపుతారు, సాయానికి మనిషినిస్తారు, బొమ్మలు నలుగురి ముందూ పెడతారు. ఇదివరకు రాజధాని నుంచీ పిలుపులు వచ్చాయి కానీ, అంత దూరం కూర్చుని వెళ్లడానికి వదిన నడుము ఒప్పుకోలేదు. ఇది అరగంట దారి. చిక్కల్లా ఒక్క షరతు దగ్గరే. సాయం చేసే మనిషి ఇంట్లోవాళ్లు కాకూడదు.

"కన్నతల్లి పనికిరాదట, దారిన పోయే దానయ్య పనికొస్తాడట! ఎక్కడైనా విన్నామా?" అత్తగారు గిన్నె ఠంగుమని పెట్టింది. "ఇది రాదని చెప్పెయ్ రా."

"నువ్వన్నదీ నిజమే అమ్మా. అక్కకు ఆ కేంద్రం అవసరమన్నదీ నిజమే."

"గోడ మీద పిల్లివి! గడ్డం కూడా సగమే గీశావు."

కోడలికి తల తిరిగిపోయింది. అత్తగారి మాట వింటే అదే న్యాయం అనిపిస్తోంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ పీట వదలని మనిషిని వద్దనడం ఏమిటి? కానీ వదిన ముఖం చూస్తే ఇంకేదో అనిపిస్తోంది. అదేమిటో మాత్రం తెలియడం లేదు.

"ఇంతకీ వదినేమంటుంది, అత్తయ్యా?"

"దాన్నడిగేదేముంది? నాకు తెలీదూ!"

వదిన నోట్లో అప్పటికే కుంచె ఉంది.

"అంత అనుమానంగా ఉంటే ఆ పీట మీద నువ్వే కూర్చో అమ్మాయ్," అంది అత్తగారు లేస్తూ. "బయటివాళ్ల సాయం ఏపాటిదో దానికే తెలుస్తుంది."

కోడలు కూర్చుంది. ఏ కళ్లల్లో ఏ రంగుందో ఆమెకేం తెలుసు? పసుపు చూపించింది. వదిన తల అడ్డంగా ఊపింది. పచ్చ చూపించింది. కాదు. ఎరుపు. కాదు. చివరికి భయపడుతూ నీలం ఎత్తింది. వదిన కుంచె ఒళ్లో పడేసి పకపకా నవ్వింది.

"అమ్మాయ్, నన్నడగొచ్చుగా!"

"అయ్యో! ఏం కావాలి వదినా?"

"తుప్పు రంగు. పాత గేటు చూశావా, అలాంటిది. లేకపోతే కలుపు. తప్పు కలిపితే ఇంకోసారి కలుపుదువుగాని."

నాలుగోసారికి కుదిరింది. కోడలు కుంచె నోటికి అందిస్తే, వదిన ఆ తుప్పును బొమ్మలోని ఆకాశమంతా పరిచింది.

"ఇదేం ఆకాశమే!" అత్తగారు పరుగున వచ్చింది. "నీకు నీలమంటే ప్రాణం కదే!"

వదిన మళ్లీ కుంచె వదిలింది. "నేనెప్పుడూ నీలం అడగలేదమ్మా."

"మరి చెప్పొచ్చుగా?"

"నోట్లో కుంచె పెట్టుకుని ఎలా చెప్పను? తీసేలోగా ప్లేటులో నీలం పడిపోయేది. నా మనసు కనిపెట్టేశానని నీ ముఖం వెలిగిపోయేది. వద్దనడానికి నోరొచ్చేది కాదు."

అత్తగారు గోడకు ఆనుకుంది. "ఇన్నేళ్లూ నేను... నీ మంచికేగా..."

"మంచికే. నువ్వు లేకపోతే నా చేత ఎవరూ ఒక్క గీత గీయించేవాళ్లు కాదు. కానీ ఇప్పుడు వెళతానమ్మా. అక్కడి మనిషికి నేనేమిటో తెలియదు. అన్నీ అడుగుతుంది. నేను చెప్పుకోవాలి."

"మెడ నొప్పి వస్తే?"

"చెబుతాను."

బయట హారన్ మోగింది. అత్తగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ గుమ్మం వైపు రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చింది. "మరి నేనేం చెయ్యను ఇప్పుడు?"

"నువ్వూ రా."

"ఇంట్లోవాళ్లు వద్దన్నారుగా?"

"సాయానికి వద్దన్నారు. చూడ్డానికి వద్దనలేదు. ఇన్నేళ్లూ నా కళ్లు చూస్తూ కూర్చున్నావు కానీ, నా బొమ్మ ఎప్పుడు చూశావమ్మా?"

అత్తగారు మెల్లగా బొమ్మ ముందుకొచ్చి నిలబడింది. ఎప్పుడూ జవాబు తెలిసిన ఆ ముఖంలో దారి తప్పిన పిల్లకుండే బెదురు. కోడలు మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది, ఎందుకు ఏడుపొస్తోందో తెలియకుండానే.

"నాకేం అర్థం కావడం లేదే," అంది అత్తగారు.

"అయితే అడుగమ్మా," అంది కూతురు.