మర్రిగూడ పళ్ల క్యాంపు

జడ్చర్ల చౌరస్తాలో టీ తాగుతున్న ప్రొఫెసర్ రఘుపతి పక్కన స్కూటర్ ఆగింది. సైలెన్సర్ బిగించిన పిస్తోలు ఒక్కసారి దగ్గింది. జనం పోగయ్యేలోపు ప్రొఫెసర్ ప్రాణం పోయింది. ఆయన చేతిలోని ఐస్‌బాక్స్ మాయమైంది.

అది 1993 నవంబరు. మర్నాడు హైదరాబాద్‌లో ఇంటెలిజెన్స్ చీఫ్ రామచంద్రయ్య, ఏజెంట్ తాజుద్దీన్ ముందు ఒక ఎక్స్‌రే పెట్టాడు.

"పన్ను తీసిన చోట దవడ ఎముక అరిగిపోతుంది. ఆ గుంతలో ఎముక పొడి నింపడాన్ని గ్రాఫ్టింగ్ అంటారు. ఒళ్లోని కణాలను అక్కడికి పిలిచి, కొత్త ఎముక కట్టించేది గ్రోత్ ప్రోటీన్. రఘుపతి దాన్ని పశువుల ఎముకల్లోంచి తీశాడు."

"ఎత్తుకెళ్లింది ఎవరు?"

"కార్ల్. విదేశీ ముఠా నాయకుడు. మర్రిగూడ బడిలో ఉచిత పళ్ల క్యాంపు పెట్టాడు. డోసు పెంచితే ఎముక ఎంత త్వరగా పెరుగుతుందో మనుషుల మీద చూస్తున్నాడు. ఇంతకుముందు దొంగిలించిన ప్రోటీన్‌తో లాల్ బీ అనే ముసలామెను చంపాడు. డోసు మించితే కొన్నాళ్లకు మెడ వాచి ఊపిరి ఆడదు."

"మర్రిగూడే ఎందుకు?"

"అక్కడివి ఫ్లోరైడ్ నీళ్లతో వంకరపోయిన ఎముకలు. ఎవరు చచ్చినా తప్పు ఆ నీళ్ల మీదికి నెట్టేయొచ్చు. ముఠా డాక్టర్ పేరు లాడ్లీ బేగం. లోపల మన మనిషి కూడా ఉన్నారు, పేరు చెప్పకూడదు. కోడ్ వర్డ్, 'కంది పూత మీదనే రాలింది'."

తాజుద్దీన్ ముఖంలో ఏమీ కదల్లేదు. లాడ్లీ బేగం అతని భార్య. డిపార్ట్‌మెంట్‌కు తెలియకుండా మహబూబ్‌నగర్‌లో నిఖా చేసుకున్నారు. తను మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌నని ఆమెతో చెప్పాడు. రెండేళ్ల కిందట ఆమె తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, ఒక్క మాట కూడా చెప్పకుండా వెళ్లిపోయింది.

క్యాంపుకు ఐస్ తెచ్చే వ్యాన్ మర్రిగూడ బడి ముందు ఆగింది. లతీఫ్ అనే డ్రైవర్ వేషంలో తాజుద్దీన్ దిగాడు. అతికించిన గడ్డం, చారల లుంగీ, నడుము దగ్గర ఉబ్బెత్తుగా పిస్తోలు. జేబులో నోటి అద్దం, దాని పిడిలో కెమెరా.

ఐస్ కోసం లాడ్లీ బేగం బయటికొచ్చింది. నల్ల కళ్లద్దాలు, పెదాలకు ఎర్ర రంగు, మెడ చుట్టూ పట్టు దుపట్టా.

"గడ్డం మంచిగ అతికించుకున్నవ్," అంది మెల్లగా. గొంతు బొంగురుపోయింది. "మందులమ్మేటోనికి పిస్తోలెందుకు?"

"పండ్ల డాక్టర్‌కు ముఠా ఎందుకు?"

ఆమె చేల వైపు చూసింది. "కంది పూత మీదనే రాలింది."

పిస్తోలు మీది అతని చేయి సడలింది. రెండేళ్లు దాచుకున్న కోపాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

"నువ్వా?"

"నేనే. నీకు ఆపద రావద్దనే ఇల్లు ఇడిసిన. నువ్వు సుత గీ పనేనని నాకేమెరుక? గిప్పుడు మాటలొద్దు. పేషెంట్ కుర్చీల కూసున్నంకనే కార్ల్ ఆ ఐస్ డబ్బా బయటికి తీస్తడు. అప్పటిదాంక ఆగు."

మొదటి పేషెంట్ గుర్వమ్మ. నడుము వంగిపోయిన మనిషి, చేతులతో పాకినట్టు వచ్చి కుర్చీలో కూర్చుంది.

"నొప్పి మస్తు ఉంటదా బిడ్డా?"

"ఉండదు అవ్వా. జర నోరు తెరువు."

కార్ల్ ఐస్‌బాక్స్ తెచ్చాడు. అందులోని ప్రోటీన్ సీసా మొత్తం, పన్ను గుంతలో పెట్టే స్పాంజ్ మీద వంచాడు. నోటి అద్దం అందిస్తున్నట్టు తాజుద్దీన్ ఫోటోలు తీశాడు. లాడ్లీ బేగం పట్టకారులోని స్పాంజ్ గుర్వమ్మ చిగుళ్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ ఆగింది. లాడ్లీ బేగం చెయ్యి వెనక్కి తీసుకుంది.

కార్ల్‌కు అర్థమైంది. కోటులోంచి పిస్తోలు లాగి, రెండో చేత్తో డబ్బాను గోడకేసి విసిరాడు. లాడ్లీ బేగం స్పిరిట్ గిన్నె అతని కళ్లల్లో కొట్టింది. గుండు పైకప్పులోకి పోయింది. గోడకు జానెడు దూరంలో తాజుద్దీన్ డబ్బాను అందుకున్నాడు. బయట పేషెంట్ల వరసలో మఫ్టీలో ఉన్న పోలీసులు లోపలికి దూసుకొచ్చారు.

గొడవ సద్దుమణిగాక లాడ్లీ బేగం బెంచీ మీద కూలబడింది. దుపట్టా జారింది. మెడ వాచి గడ్డంతో కలిసిపోయింది.

"లాల్ బీ పోయినంక ఊరోళ్లు భయపడ్డరు. ముందు నువ్వే పెట్టించుకొని చూపియ్యి అన్నడు కార్ల్. వద్దంటే నా మీద అనుమానమొచ్చి మాయమైతుండె."

"వ్యాన్ కాడనే ఎందుకు చెప్పలే?"

"చెప్తే గుర్వమ్మను ఇడిసిపెట్టి నన్ను దవాఖానకు తీస్కపోతుంటివి."

అతను ఆమెను ఎత్తుకుని వ్యాన్ వైపు పరుగెత్తాడు.

హైదరాబాద్ దారిలో వ్యాన్ ఎగిరెగిరి పడింది. ఆమెకు ఊపిరి ఈలలా వస్తోంది. మాట్లాడలేక అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. ఇబ్రహీంపట్నం రాకముందే ఆ పట్టు వదిలింది. అయినా తాజుద్దీన్ దవాఖాన గేటు దాకా వేగం తగ్గించలేదు.

"కార్ల్ నోరు విప్పాడు. మిషన్ సక్సెస్," అన్నాడు చీఫ్ సాయంత్రం. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అలాంటి ఏజెంట్ మళ్లీ దొరకదు. తనకు నా అనేవాళ్లు ఎవరూ లేరని రికార్డులో రాయించింది. ఖననం మనమే చూడాలి."

"నేను చూసుకుంటాను సార్. ఆ తర్వాత కొన్నాళ్లు సెలవు కావాలి."

"కారణం ఏమని రాయను?"

తాజుద్దీన్ వ్యాన్ తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"పంటినొప్పి అని రాయండి సార్."